నేల మీద చుక్క పడని లీకు

మేస్త్రి పోయాడన్న కబురు నాకు బస్సు కిటికీలోంచి అందింది. పోయిన వారం ఒక పొద్దున, యశవంతపురం దాటి పీణ్య వైపు పోతున్నాను. ఎదురుగా వచ్చిన బస్సు నా పక్కకు రాగానే ఆగింది. దాని డ్రైవరు తల బయటపెట్టి, "మేస్త్రి పోయినాడంటప్పా! మధ్యాన్నం రెండింటికి ఎత్తుతారంట!" అని అరిచి, గేరు వేసుకుని వెళ్ళిపోయాడు. మా డ్రైవర్లకు పెళ్ళిళ్ళైనా చావులైనా ఇలా అర నిమిషంలోనే తెలుస్తాయి. అడగాల్సిందేమైనా ఉంటే దుమ్మును అడుక్కోవాలి.

బండి ఆపేశానని నాకు తెలియలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి. ముందు సీటాయన, "ఏమయ్యా, నిద్రొచ్చింది బస్సుకా, నీకా?" అన్నాడు. ఇంకో రోజైతే ఆయన మనవళ్ళకు కూడా చెప్పుకునే జవాబు ఇచ్చి ఉండేవాణ్ణి. ఆ రోజు గేరు వేసి బండి కదిలించాను, అంతే.

నా నోటి సంగతి ఊరికి తెలుసు. ఏడో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి. పుస్తకాల్లో అబ్బనిది నాలుక మీద సంపాదించుకున్నాను. నగర్తపేట సందుల్లో పెరిగినవాడికి నాలుక మొద్దుబారితే సైకిలు పోవడానికి కూడా ఎవరూ దారివ్వరు. అలాంటి నా నోరు మూయించిన మనిషి ఈ బెంగళూరులో ఒక్కడే. ఆ ఒక్కడూ ఇప్పుడు లేడు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి, మా పంతులు దిద్దలేక మానుకున్నాడు.

మేస్త్రిది పీణ్యలో బండ్లు బాగుచేసే ఒక రేకుల షెడ్డు. బోర్డు ఉండదు. "బోర్డెందుకు పెట్టలేదు మేస్త్రన్నా?" అని ఒకసారి అడిగితే, "చెడిపోయిన బండికి దారి అదే తెలుస్తాదప్పా" అన్నాడు. సన్నటి మనిషి. ఖాకీ నిక్కరు, చేతుల బనియను, చెవి మీద ఒక పెన్సిలు. ఆ పెన్సిలుతో ఆయన అక్షరం రాయగా చూసినవాడు లేడు. బోల్టుల సందుల్లో మట్టి గీకడానికే అది. పేటలో మగ్గం నేసే ఇంట్లో పుట్టాడట. మగ్గం ఆగిపోయాక వాళ్ళ నాయన తీసుకొచ్చి గ్యారేజీలో పడేశాడట. తెగిన పోగును కంటితో కాదు, వేలితో వెతకాలని నాయన నేర్పింది మాత్రం గ్యారేజీలోనూ పనికొచ్చిందని చెప్పేవాడు.

నేను ఆయన్ను కలిసిన మొదటి రోజే ఒక వేషం వేశాను. ఏ లీకైనా ఇట్టే పట్టేస్తాడని డ్రైవర్లంతా పొగుడుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఇంట్లోంచి చిన్న సీసాలో వేరుశనగ నూనె తెచ్చి, స్టీరింగు నూనెలా ఎర్రగా కనిపించాలని అందులో ఇంత కుంకుమ కలిపి, ఆయన షెడ్డు ముందు నా బస్సు కింద ఒలకబోశాను. పెళ్ళాం పుట్టింటికి పోయినవాడిలా మొహం పెట్టుకుని నిలబడ్డాను.

"మేస్త్రన్నా, స్టీరింగు నూనె కారిపోతా ఉండాది. కొంచెం చూడు."

ఆయన వచ్చి గొంతు కూర్చున్నాడు. బస్సు కింద చూడనేలేదు. నూనెలో ఒక వేలు ముంచి, బొటనవేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గానుగ నూనె. మంచిదే. కుంకుమే కల్తీది. ఏ అంగట్లో కొన్నావప్పా?"

షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆయన లేచి, వేలు నా చొక్కాకే తుడుచుకుని, తన పనికి తాను పోయాడు. ఆ రోజు నుంచీ రోజూ సాయంత్రం టీకి ఆ షెడ్డుకే పోయేవాణ్ణి. ఓడిపోయిన చోటికి మనిషి ఎందుకు మళ్ళీ మళ్ళీ పోతాడో నాకిప్పటికీ తెలియదు.

ఆయన లీకు వెతికే తీరు చూడాలి. మిగతా మెకానిక్కులు నూనె ఎక్కడ బొట్టుగా వేలాడుతోందో అక్కడ స్పానరు పెట్టి బిగించేవాళ్ళు. ఈయన అది చూసి తల అడ్డంగా ఊపేవాడు. "నూనె దొంగనడక నడుస్తాది. పైన ఎక్కడో పుట్టి, గొట్టం వెంబడి జారి, ఇక్కడొచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడతాది. నిలబడినోణ్ణి కొడితే ఏమొస్తాది?" అనేవాడు. ముందు గొట్టాలూ కీళ్ళూ అన్నీ కిరసనాయిలుతో కడిగించేవాడు. గుడ్డతో తుడిచి పొడిగా ఆరనిచ్చేవాడు. ఆ తరువాత ఒక పౌడరు డబ్బా తీసేవాడు. అవును, ఆడవాళ్ళు మొహానికి రాసుకునేదే. దాన్ని పలచటి గుడ్డలో మూటగట్టి, ప్రతి గొట్టం మీదా, ప్రతి కీలు మీదా మెల్లగా తట్టేవాడు. ఇంజిను వేయించి, స్టీరింగు ఆ కొసకూ ఈ కొసకూ తిప్పించేవాడు. తెల్లటి పౌడరు మీద ఎక్కడ ముందుగా తడి మచ్చ లేస్తే అదే పుట్టిన చోటు. అప్పుడు తీసేవాడు స్పానరు, అదీ ఒక్కటే.

ఒకసారి ఆయన భార్య అన్నం క్యారియరు తెచ్చి, పౌడరు పూసుకున్న బస్సును చూసి, "నాకు పండక్కు కొంటావు డబ్బా, ఈ ముండకు వారం వారం కొంటావు" అంది. మేస్త్రి తల ఎత్తకుండా, "నువ్వు కారవు కదా" అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక క్యారియరు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

ఇక నా సంగతికి వస్తాను.

ఎమర్జెన్సీ అయిపోయిన కొత్త. నేను ఒక ఫ్యాక్టరీకి పనివాళ్ళను చేరవేసే బస్సు నడుపుతున్నాను. ఎవరో విదేశీ ఇంజనీర్లు తమ కోసం ఓడలో తెప్పించుకున్న బస్సు అది. వాళ్ళు పోతూ వేలం వేస్తే మా ఓనరు పాడుకున్నాడు. అప్పటికే ముసలిది, కానీ దానికి పవర్ స్టీరింగు ఉండేది. అప్పట్లో అది ఊళ్ళో వింత. మామూలు బస్సు తిప్పడమంటే రుబ్బురోలు తిప్పడమే. దీనికి ఇంజినుకు అతుక్కుని ఒక పంపు ఉంటుంది. ఇంజిను తిరిగితే పంపు తిరుగుతుంది. పంపు దానిమ్మరసంలాంటి ఎర్ర నూనెను గొట్టాల్లోకి తోస్తుంది, ఆ నూనె బలంతో చక్రాలు తిరుగుతాయి. డ్రైవరు చెయ్యి ఆనిస్తే చాలు. నేను రెండు వేళ్ళతో తిప్పి పక్క బస్సుల వాళ్ళకు కన్ను కొట్టేవాణ్ణి.

ఆ ఎర్ర నూనె తగ్గడం మొదలైంది. వారానికి ఒక డబ్బా. అది ఊళ్ళో దొరకడమే కష్టం, ఓనరు స్వయంగా తిరిగి తెచ్చేవాడు. ఓనరు తనకు తెలిసిన ఇద్దరు మెకానిక్కులకే చూపించాడు. గొట్టాలు మార్చారు, కీళ్ళు బిగించారు. నూనె తగ్గుతూనే ఉంది. తమాషా ఏమిటంటే, కింద ఒక్క చుక్క కూడా లేదు. బస్సు నిలిపిన చోట నేనే పేపర్లు పరిచి చూశాను. పేపరు పేపరులాగే ఉంది.

ఒక పొద్దున పనివాళ్ళందరూ ఎక్కి కూర్చున్నాక ఓనరు బస్సెక్కాడు. చేతిలో ఖాళీ డబ్బా.

"ఏమప్పా, నూనె ఎక్కడికి పోతా ఉండాది? కింద చుక్క లేదు. ఆవిరైపోయిందా? ఎవురికి అమ్ముతా ఉండావు?"

"అమ్మలేదు సార్. నాకూ తెలీదు."

"నీకు తెలీనిది కూడా ఉండాదా? ఊరందరినీ బకరా చేస్తావంట కదా. నన్నూ చేస్తా ఉండావా? శనివారం దాకా చూస్తా. ఆ తరువాత ఇంకో డ్రైవరు వస్తాడు."

నేను నవ్వడానికి చూశాను. బస్సులో ఒకరైనా నవ్వుతారేమో, నా తరఫున ఒక మాటైనా అంటారేమో అని వెనక్కి తిరిగాను. మూడో సీటులో కూర్చునే అక్క ఒకామె రోజూ నాకు చిత్రాన్నం పెట్టేది. ఆమె తన టిఫిను సంచీని నా సీటు పక్కనుంచి మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంతే.

ఉద్యోగం పోతే ఇంకొకటి దొరికేది. కానీ ఆ సంచీ ఒళ్ళోకి పోవడం నన్ను తినేసింది. వాళ్ళ తప్పు కూడా కాదు. అందరి చెప్పులూ మార్చేసినవాణ్ణి, ఫ్యాక్టరీకి సెలవని చెప్పి నలభై మందిని ఇంటికి పంపినవాణ్ణి. నా మాట నిజమని ఎవరు నమ్ముతారు?

బస్సు తీసుకుని మేస్త్రి దగ్గరికి పోయాను. జరిగిందంతా చెప్పాను. ఆయన బస్సు కడిగించాడు, ఆరబెట్టించాడు, పౌడరు తట్టాడు. గంటసేపు ఇంజిను వేసి స్టీరింగు తిప్పించాడు. చివరికి అద్దం ముక్కతో సందు సందూ చూశాడు. పౌడరు ఎక్కడా తడవలేదు. పెళ్ళికూతురిలా తెల్లగా మెరుస్తోంది నా బస్సు.

"మేస్త్రన్నా, నువ్వు కూడా నన్నే అనుకుంటావా?"

"స్వల్ప ఊరుకోప్పా" అని ఆయన టీ తెప్పించుకున్నాడు. బస్సు ఎదురుగా టైరు మీద కూర్చుని, దాన్ని చూస్తూ టీ తాగాడు. సగం గ్లాసు తాగాక అడిగాడు.

"ఇంజినులో నూనె ఎప్పుడు పోసినావు?"

ఆ బాధలోనూ నాకు గర్వం వచ్చింది. "దసరా ముందు పోసిందే అన్నా. ఆయుధపూజకు ఈసారి అయిదు గుమ్మడికాయలు కొట్టినా. అప్పట్నుంచీ చుక్క తగ్గలే! ముందు వారం వారం తాగేది. ఓనరే మెచ్చుకున్నాడు, భక్తంటే ఇట్లుండాల అని."

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. పోయి ఇంజిను నూనె కొలిచే కడ్డీ బయటికి లాగాడు. నల్లటి నూనె. రెండు వేళ్ళ మధ్య రాశాడు, విడదీశాడు, మళ్ళీ రాశాడు. కళ్ళు మూసుకుని. ఎంతసేపు రాశాడో! నాకు ఆయన నాయన, మగ్గం, తెగిన పోగు గుర్తొచ్చాయి. కళ్ళు తెరిచి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. జాలి ఉంది, నవ్వు ఉంది.

"ముసలి ఇంజిను నూనె తాగడం మానేస్తే పూజ చేసుకుంటారా, భయపడతారా? గుమ్మడికాయ కాదప్పా. ఒకటి తగ్గతా ఉంటే ఇంకోటి తగ్గకుండా ఉండాది. రెండూ ఒకే ఇంట్లో ఉండాయి. నీకు తోచలేదా?"

నాకు ఒళ్ళు జలదరించింది. నిజం చెబుతున్నాను, దేవుడి గుడిలో కూడా నాకు అలా కాలేదు. ఆ మనిషి ఒక్క బోల్టు విప్పకుండా, రెండు వేళ్ళ మధ్య నూనె పట్టుకుని, ఇనుము లోపల జరిగేది చూశాడు. కారుతోంది బయటికి కాదు, లోపలికి. పంపుకూ ఇంజినుకూ మధ్య తిరిగే ఇరుసు చుట్టూ రబ్బరు సీలు ఒకటుంటుంది. అది ఎండి చిట్లింది. ఎర్ర నూనె దాని సందుల్లోంచి ఇంజినులోకి దూరి, నల్ల నూనెలో కలిసి, రంగు మార్చుకుని కూర్చుంది. ఇంజిను తాగినంత తాగుతోంది, పంపు నింపినంత నింపుతోంది. నేను గుమ్మడికాయలు కొడుతున్నాను.

"ఇంకో నెల పోయుంటే పలచబడిన నూనెకు ఇంజిను పట్టేసేది" అన్నాడు. ఆ పూటే పంపు ఊడదీశాడు. పంపు ఉన్న చోట ఇనుప రేకు బిగించి మూసేశాడు. ఇంజినులో పాత నూనె దించి కొత్తది పోయించాడు. ఓనరును పిలిపించాడు.

ఓనరు వచ్చాడు. మేస్త్రి పంపును బల్లకు బిగించి, "సార్, మీ కర్చీపు ఇయ్యండి" అన్నాడు. గంజి పెట్టిన తెల్ల కర్చీపు. దాన్ని ఇరుసు కింద పరిచాడు. పైనుంచి ఎర్ర నూనె పోసి, ఇరుసును చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. ఏమీ లేదు. తిప్పుతున్నాడు. ఏమీ లేదు. ఓనరు నావైపు చూశాడు. అప్పుడు ఇరుసు వెనక ఎర్రగా ఒక పూస మెరిసింది. పెద్దదయింది. జారింది. కర్చీపు మీద రూపాయి బిళ్ళంత మచ్చ పడింది.

"వీడే మీ దొంగ" అన్నాడు మేస్త్రి.

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "సరే సరే. కొత్త సీలు వేసి బిగించు."

"ఏస్తా. ముందు బస్సులో చెప్పి రాండి."

"ఏం చెప్పాల?"

"దొంగ అని నలుగురి ముందర అన్నారంట కదా. దొరికినాడని ఆ నలుగురి ముందరే చెప్పాల."

"నా డ్రైవరుకు నేను క్షమాపణ చెప్పుకోవాల్నా?"

"క్షమాపణ వద్దు సార్. దొంగ దొరికినాడని చెప్పండి, సాలు. అది కాదంటే పంపు ఇదిగో, ఇంకెవురి దగ్గరికైనా పట్టకపోండి."

పంపును ఒక బుట్టలో పెట్టి ఓనరు ముందుకు తోశాడు. ఆ పంపును విప్పి మళ్ళీ కూర్చగలిగినవాడు ఊళ్ళో ఇంకొకడు లేడని ముగ్గురికీ తెలుసు. ఓనరు బుట్ట ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ తరువాత రెండు రోజులు నా తిప్పలు దేవుడికెరుక. పంపు లేని స్టీరింగంటే కొండను మెడపట్టి తిప్పడమే. ప్రతి మలుపులోనూ సీటులోంచి లేచి వేలాడేవాణ్ణి. భుజాలు వాచాయి. మేస్త్రి దగ్గర మొర పెట్టుకున్నాను.

"బిగించన్నా, చేతులు ఊడిపోతా ఉండాయి. నేను పడతాలే ఆ మాట."

"ఓనరు చెప్పినాడా?"

"లేదు."

"ఐతే తిప్పు."

"నన్ను నువ్వెందుకు నమ్మినావన్నా? ఊళ్ళో ఎవురూ నమ్మరే!"

ఆయన చెవి మీది పెన్సిలు తీసి, బోల్టులో మట్టి గీకుతూ అన్నాడు. "నువ్వు అబద్ధమాడితే నాకు నవ్వొస్తాది. ఆ పొద్దు రాలేదు."

శనివారం సాయంత్రం ఓనరు ఫ్యాక్టరీలో పని చూసుకుని నా బస్సులోనే తిరిగి వస్తున్నాడు. నా పక్కనే ఇంజిను మూత మీద కూర్చున్నాడు. జాలహళ్ళి క్రాసు మలుపు వచ్చింది. నాలో పాత బుద్ధి లేచింది. సగం తిప్పి ఆపేశాను. ఎదురుగా లారీ హారను కొడుతోంది.

"సార్, రావడం లేదు. స్వల్ప చెయ్యి వెయ్యండి."

"ఏంది?"

"చెయ్యి సార్! లాగండి!"

ఓనరు లేచి రెండు చేతులతో చక్రం పట్టుకుని లాగాడు. ఇద్దరం కలిసి లాగాం. ఆయన టోపీ పడిపోయింది, పంచె మడమల మీదికి జారింది, చెమటలు కారాయి. మలుపు తిరిగింది. నేను ఒక్కణ్ణే తిప్పగలిగేవాణ్ణని ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. ఓనరు తన అరచేతులు చూసుకున్నాడు. ఎర్రగా కందిపోయాయి. "రెండు దినాల్నుంచీ ఇట్లనేనా?" అన్నాడు. నేను ఊ అన్నాను.

ఆయన పైనున్న కడ్డీ పట్టుకుని బస్సులోని వాళ్ళ వైపు తిరిగాడు. "చూడండప్పా, అందురూ వినండి. నూనె దొంగ దొరికినాడు."

"ఎవురు సార్?" అంది మూడో సీటు అక్క.

"ఉంగరమంత రబ్బరు ముక్క. ఈయప్పది తప్పేమీ లేదు. నేనే తొందరపడి అన్నా."

వెనక నుంచి ఎవరో, "ఐతే ఆ దొంగను చూసే పోదాం, షెడ్డు దారిలోనే కదా!" అన్నారు. నలభై మందీ ఔనన్నారు. నా కళ్ళు మసకబారాయి. లారీ పొగ అని చెప్పాను.

మేస్త్రి మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుంటూ లేచాడు. కొత్త సీలు వేసిన పంపు తెల్ల గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంది. రెండు రోజుల కిందటే చేసి పెట్టాడట. ముక్కాలు గంటలో బిగించాడు. పనివాళ్ళు టీలు తాగి మళ్ళీ ఎక్కి కూర్చున్నారు.

ఇలాంటివి ఆయన చేతిలో ఎన్ని జరిగాయో! నా ఒక్కడిదే రాశాను. నేను ఆ షెడ్డుకు పోయిన పదేళ్ళలో ఆయన ఎవరినీ పొగడలేదు, ఎవరి పొగడ్తా నిలబడి వినలేదు. చివరి రోజుల్లో దగ్గు పట్టుకుని హెబ్బగోడిలో కూతురింటికి పోయాడు. నేను చూడబోతే, "నీ బండి శబ్దం సందు మొదట్లోనే విన్నా. ఎడమ ముందు చక్రం బేరింగు చూపించు" అన్నాడు. చూపించాను. నిజమే.

ఆయన్ను తలుచుకుంటే నాకు కనిపించేది మాత్రం ఆ సాయంత్రమే. ఇంజిను మూత తెరిచి ఉంది. పంపులో గాలి చిక్కుకుంటే నూనె నురుగు కక్కుతుంది, ఆ గాలి పోయేదాకా స్టీరింగు మెల్లగా ఈ కొసకూ ఆ కొసకూ తిప్పుతూ ఉండాలి. నేను తిప్పుతున్నాను. మేస్త్రి నా పక్కనే వంగి, నూనె తొట్టిలోకి చూస్తున్నాడు. ఎర్రటి నూనె మీద బుడగలు లేస్తున్నాయి, పగులుతున్నాయి. ఇళ్ళకు పోవాల్సిన నలభై మంది సీట్లలోంచి మెడలు చాచి చూస్తున్నారు. ఓనరు కూడా. ఎవరూ పొద్దుపోయిందనలేదు. ఒకటి పగిలింది. ఇంకొకటి. నూనె నిలకడైందనుకుని నేను చెయ్యి తీయబోయాను. మేస్త్రి తల ఎత్తకుండానే ఒక వేలు పైకెత్తాడు.

"ఆగప్పా. ఇంకొకటి ఉండాది."